కొసరు లేని మూడు సంతలు

బి.ఏ.లో అర్థశాస్త్రంలో నాకెన్ని మార్కులొచ్చాయో మా ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియకుండా ఉండే అవకాశం నేనెవరికీ ఇవ్వలేదు. బస్సులో పక్కనున్న మనిషి ఎండ మండుతోందన్నా సరే, నేను గిరాకీ, సరఫరా అంటూ మొదలుపెట్టేదాన్ని. ఉద్యోగం లేదు గానీ సిద్ధాంతాలకు కొదవ లేదు.

ఇల్లు మాత్రం అమ్మ గంప మీద నడిచేది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అడవి అంచున మాకున్న అరెకరంలో అమ్మ వంకాయ, టమాటా, మిర్చి పండించి, వారానికోసారి కొత్తగూడెం పక్క ఊరి సంతకు తీసుకెళ్ళేది. నా కాలేజీ ఫీజు, నేను అట్టలేసి దాచుకున్న అర్థశాస్త్రం పుస్తకాలు, అన్నీ ఆ గంపలోంచి వచ్చినవే. ఎక్కువగా బొగ్గుబావుల క్వార్టర్స్‌లో ఉండే ఆడవాళ్ళు అమ్మ దగ్గర కొనేవాళ్ళు.

ఎనభైల మొదట్లో ఒక వానాకాలం అమ్మకు చలిజ్వరం పట్టుకుంది. కోసిన కూరగాయలు జ్వరం తగ్గేదాకా ఆగవు కదా. నేను పోతానన్నాను. అమ్మ దుప్పట్లోంచే చెప్పింది.

"తూకం జర అటిటయినా ఏమనరు బిడ్డా. కొసరు మాత్రం మర్వకు. పదిహేనేండ్ల బేరాలు. ఒక్కపారి పక్క గంపకు అలవాటైతే మళ్ళ రారు."

తూచి ఇచ్చాక పైన వేసే రెండు కాయలు, నాలుగు మిరపకాయలు, ఇంత కరివేపాకు, అదే కొసరు. నాకు నవ్వొచ్చింది. తూచిన తర్వాత తూచకుండా ఇవ్వడమెందుకు? బస్సులో కూర్చుని సంస్కరణకు పూనుకున్నాను. కిలోకు రెండు కాయలు కొసరు పోతుందనుకుంటే, ఆ విలువేదో ధరలోనే తగ్గించేస్తే సరి. వాళ్ళకు లాభం, నాకు తీరిక. ఇంకో అయిదు పైసలు కూడా తగ్గించి ఉదారత చాటుకున్నాను. నా పాత పలక మీద గుండ్రటి అక్షరాలతో రాసి గంపకు ఆనించాను: "ఒకటే ధర. తక్కువ ధర. కొసరు లేదు."

మొదట వచ్చినామె పలక చదివించుకుని నా మొహంలోకి చూసింది.

"కొసరు లేదా? ఇంట్ల ఎవరన్న పోయిండ్రా ఏంది?"

"అది కాదు చిన్నమ్మా, కొసరు ఇలువ ధరలనే తగ్గించిన" అని విడమరచి చెప్పబోయాను. సగం పాఠం కాకుండానే ఆమె పక్క గంప ముసలమ్మ ముందు కూర్చుంది. అక్కడ ధర నాకంటే ఎక్కువ. ముసలమ్మ తూకం మీద నాలుగు మిరపకాయలు విసిరింది. ఈమె నవ్వుకుంటూ పోయింది. అసలు కన్నా కొసరు ముద్దనే సామెత నా పాఠ్యపుస్తకం రాసినాయన విన్నట్టు లేదు.

కాసేపటికి పెద్ద బొట్టు పెట్టుకున్న ఒకామె వచ్చింది. అర్ధకిలో వంకాయలు తీసుకుని, "మీ అమ్మ ఏది బిడ్డా?" అంది. అమ్మ పేరు చెప్పి కొసరు లాగుతుందనుకుని, "రాలే" అన్నాను ముక్తసరిగా. ఆమె సంచీ మూతి తెరిచే పట్టుకుంది. నేను పలక చూపించాను. ఆమె సంచీ మూసుకుని వెళ్ళిపోయింది.

రెండో సంతకు ధర ఇంకా తగ్గించాను. ఈసారి వచ్చినవాళ్ళు వంకాయల్ని నొక్కి, తొడిమలు తిప్పి చూశారు. "ఇంత అగ్గువకిస్తున్నవ్, పుచ్చులా ఏంది?" మూడో సంతలో ఆ మాట అడిగేవాళ్ళు కూడా లేరు. గంపెడు కాయలు తిరిగి బస్సెక్కాయి. వాటికి కండక్టర్ మళ్ళీ లగేజీ టికెట్ కొట్టాడు. ఊరంతటిలో మా దూడ ఒక్కటే నా విధానాన్ని మెచ్చుకుంది.

ఆ వారమే ఇంట్లో పొయ్యిలోకి బొగ్గు అయిపోయింది. తడి కట్టెలు పెడితే పొగ తప్ప మంట లేదు. ఆ పొగకు అమ్మ దగ్గు ఎక్కువైంది.

"బొగ్గెక్కడ కొంటవమ్మా?" అనడిగాను.

అమ్మ మంచంలో లేచి కూర్చుంది. "మూడు సంతల నుంచి బొగ్గు రాలేదా? ఏం జేసినవే?"

చెప్పేశాను, పలకతో సహా. అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. పదిహేనేళ్ళుగా ఆమె కూడబెట్టినదాన్ని మూడు వారాల్లో ఊడ్చేశానని అప్పుడు భయమేసింది.

నాలుగో సంతకు అమ్మ వణుకుతూనే వచ్చింది. గంప నేను మోశాను. పెద్ద బొట్టామె పక్క గంప వైపు పోతుంటే అమ్మ "చెల్లే" అని పిలిచింది. ఆమె గబగబా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏమైపోయినవక్కా? ఈ పిల్ల నీ సంగతే చెప్పకపాయె!"

అమ్మ పాత ధరకే తూచింది. పైన పిడికెడు కాయలు, చూడకుండానే, సంచీలో వేసింది. ఆమె సంచీ అడుగు నుంచి కాగితంలో చుట్టిన మూటొకటి తీసి గంప వెనక పెట్టింది. కాగితం చిరుగులోంచి బొగ్గు కనబడింది. క్వార్టర్స్ వాళ్ళకు పొయ్యి కోసం కంపెనీ ఇచ్చే బొగ్గు.

"ఎంతకమ్మా ఇది?" అన్నాను, ఆమె వెళ్ళాక.

"ఎంతకేంది? గది ఆమె కొసరు."

కొన్నవాళ్ళకు ఇచ్చిన ధరకు మించి దక్కే లాభం, అంటే వినియోగదారుని మిగులు, అనే ప్రశ్నకు నేను పరీక్షలో నాలుగు పేజీలు రాసినదాన్ని. ఆ మూట వైపు చూడటానికి కూడా సిగ్గేసింది. పోయిన బేరాలన్నీ తిరిగి రాలేదు. కొందరు ముసలమ్మ గంపకే అలవాటు పడిపోయారు.

మరుసటి వారం తక్కెడ నేనే పట్టుకున్నాను. పెద్ద బొట్టామె వస్తే ఎదురెళ్ళి పలకరించి, అర్ధకిలో తూచి, మీద రెండు కాయలు వేశాను. ఆమె సంచీలోకి చూసి, నా వైపు చూసి నవ్వింది.

"మంచిగనే ఏసినవ్ గని, లెక్కబెట్టి ఏసినవ్ బిడ్డా."