రెజైనాలో కొండ ఎటు

మా ఇంటి ఓనర్ అంకుల్ మంగళవారం నిద్రలోనే పోయారు. వాంకూవర్ నుంచి వచ్చిన వాళ్ళమ్మాయి నన్ను అడిగిన మొదటి మాట, "రేపు ఫ్యునరల్ హోమ్‌లో డాడ్ తల ఎటు పెట్టాలి? నీకు చెప్పే ఉంటారు." బేస్‌మెంట్‌లో అద్దెకుండే నన్ను! ఆయన ఇళ్ళ గురించి నాతో గంటలు గంటలు మాట్లాడిన మాట నిజమే. జవాబు మాత్రం నాకు తెలియదు.

ఆయనది బాలి ద్వీపం. అక్కడ ఇళ్ళు కట్టిన మేస్త్రి. కెనడాలోని ఈ రెజైనా ఊరంతా స్టూడెంట్లతో నిండిపోయి గది దొరకడమే గగనమైన ఏడాది, మా నలుగురు అమ్మాయిలకి చోటిచ్చారు. మొదటిరోజే కిందికొచ్చి నా పరుపు చూసి, "తల ఉత్తరానికి తిప్పు" అన్నారు. నేను హడలిపోయాను.

"మా అమ్మ చంపేస్తుంది అంకుల్!"

ఆయన నవ్వలేదు. వాళ్ళ ఊరికి కొండ ఉత్తరాన ఉందట. దేవతలుండే కొండ వైపు తల, సముద్రం వైపు కాళ్ళు. ఇంటికీ అంతే, కొండ వైపు దేవుడి మూల, సముద్రం వైపు వంటిల్లు.

"మరి కొండకి అవతల ఉన్నవాళ్ళు?"

"వాళ్ళు దక్షిణానికి పెట్టుకుంటారు. కొండ ముఖ్యమమ్మా. మీ ఊళ్ళో కొండ ఎటు?"

మాది భీమవరం దగ్గర. కొండే లేదన్నాను.

"అయ్యో, మరెలా నిద్రపోతారు?" అన్నారు, నిజంగానే జాలిపడి.

మా వంటింట్లో గోడకి చెక్క అర చేసేటప్పుడు ఆయన టేపు ముట్టుకోలేదు. ఎక్కువగా వండేది నేనని నా జానతో కొలిచి, పైన ఒక వేలి వెడల్పు కలిపారు. "కొలతకి ప్రాణం ఉండాలిగా" అన్నారు. అర్థం కాలేదు. కానీ ఈ దేశంలో నా ఒంటికి సరిపడా చేసిన వస్తువు అదొక్కటే.

నిన్న ఇద్దరం ఆయన గదిలోకి వెళ్ళాం. మంచం చూస్తే తెలిసిపోతుందనుకున్నాం. అంబులెన్స్ వాళ్ళు దాన్ని గోడకి నెట్టేశారు. కార్పెట్ మీద మాత్రం మంచంకోళ్ళు దిగిన గుంటలున్నాయి. ఒక్కచోట కాదు, గదిలో నాలుగు వైపులా గుంటలే. ఈ చదును నేల మీద ఆయన ఏళ్ళ తరబడి మంచం తిప్పుకుంటూనే ఉన్నారన్నమాట. నాకు అంత గట్టిగా చెప్పిన మనిషికీ ఇక్కడ కొండ ఎటో తెలియలేదా? నాకు ఏడుపొచ్చేసింది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో గుంటలో వేలు పెట్టి చూసింది. "ఏది చివరిదో తెలుస్తోందా?"

"తూర్పు" అన్నాను. గుంటలు చూసి కాదు. సూర్యుడు లేచే వైపు వాళ్ళకీ మంచిదేనని ఆయన ఒకసారి అన్నట్టు గుర్తు, మా అమ్మా ఒప్పుకుంటుంది, అంతే. ఈ ఉదయం ఆయన్ని అలాగే పడుకోబెట్టారు. ఒప్పో తప్పో నాకిప్పటికీ తెలియదు.

సాయంత్రం ఆ గది నేనే వాక్యూమ్ చేశాను. కార్పెట్ నూగంతా లేచి నిలబడింది. గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి.