ఎండ మొహం చూడని చాంద్‌బీ

నల్లపాడు స్టేషను వెనక వీధిలో చాంద్‌బీ కుట్టిన పరుపంటే ఒక పేరుండేది. భర్త బుడే దూది ఏకేవాడు, ఆమె కుట్టేది. పిల్లలు లేరు. పదేళ్లు వాడినా ఆ పరుపులో దూది ఉండకట్టదనేవాళ్లు.

పంతొమ్మిది వందల ఎనభై మూడు చలికాలంలో ఆమెకు నోటి నిండా పుళ్లు లేచాయి. కారం పడలేదనుకుని మజ్జిగన్నంతో సరిపెట్టుకుంది. నెల తిరిగేసరికి వీపు మీద, రొమ్ము మీద నీటిబొబ్బలు పొంగాయి. చెయ్యి తగిలితే చాలు, చర్మం ఊడివచ్చేది. గుడ్డ అంటుకుపోతుందని గుంటూరు ఆసుపత్రిలో మంచం మీద అరిటాకులు పరిచి పడుకోబెట్టారు. ఊరందరికీ పరుపులు కుట్టిన మనిషి రెండు నెలలు ఆకుల మీద పడుకుంది.

"ఇది అంటురోగం కాదమ్మా," అంది డాక్టర్ జయకుమారి. "నీ రక్తమే నీ చర్మాన్ని పరాయిదనుకుని దానిమీద పడుతోంది. మాత్రలు మాత్రం మానొద్దు."

ఆ మాట వీధిలో ఎవరూ నమ్మలేదు. పరుపు కావలసినవాళ్లు వాళ్ల ఇంటి గుమ్మం దగ్గరే ఆగి బుడేని, "మీ ఆవిడ చెయ్యి పడదు గదా?" అని అడిగేవాళ్లు.

"లేదండీ, ఆమె పని మానేసింది," అనేవాడు బుడే.

చాంద్‌బీ లోపలినుంచి వినేది. బొబ్బలు ఎండాయి గాని నల్లమచ్చలు మిగిలాయి. మాత్రలకు మొహం ఉబ్బింది. ఆమె వెనకగదిలోకి చేరింది. బుడే కంచం అక్కడికే తెచ్చి, "తిన్నావా?" అనేవాడు. "ఆఁ" అనేది. రోజు మొత్తానికి వాళ్ల మాటలు అవే.

అలా రెండేళ్లు గడిచాయి. నడుము, తొడలు సలపడం మొదలైంది. ఒకనాడు మధ్యాహ్నం నీళ్లకని లేవబోయి కూలబడింది. కాళ్లలో సత్తువ లేదు. కిటికీ అవతల సందులో ఆడవాళ్లు కబుర్లాడుకుంటూ పోతున్నారు. ఒక్క కేక వేస్తే వినపడుతుంది. వచ్చి, ముట్టుకోవడానికి వెనకాడతారేమో! అది చూడటంకన్నా నేలే నయమనిపించింది. సాయంత్రం బుడే వచ్చేదాకా అలాగే ఉంది.

మర్నాడు రిక్షాలో తీసుకుపోయాడు. డాక్టరమ్మ మోకాలి కింద ఎముక నొక్కితే చాంద్‌బీ కెవ్వుమంది.

"ఎండ తగిలి ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు. అయినా గుంటూరు ఎండల్లో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఎండ కరువా అమ్మా?"

"కరువే. ఒంటిమీద ఎండ పడితేనే ఎముకలకి కావలసిన డి విటమిన్ తయారవుతుంది. నీ మాత్రలు అసలే ఎముకల్ని గుల్ల చేస్తాయి. పైగా నువ్వు చీకట్లో కూర్చున్నావు. రక్తంలో అదెంతుందో కొలిచే పరీక్ష మన దగ్గర లేదు గాని, నిన్ను చూస్తే తెలుస్తూనే ఉంది."

వేరే మాత్రలు రాసి, పొద్దున కాసేపు చేతులకి, కాళ్లకి ఎండ తగలనివ్వమంది. మండుటెండలో కూర్చుంటే బొబ్బలు మళ్లీ లేస్తాయని హెచ్చరించింది.

వాళ్ల ఇంటికి పెరడు లేదు. ఎండ పడేది వీధి అరుగు మీదే. మొదటిరోజు చాంద్‌బీ కొంగు కప్పుకునే కూర్చుంది. మూడోరోజు మోచేతులదాకా తీసింది. మిర్చి తొడిమలు తీసే పనికి పోయే ఆడవాళ్లు ఎదురుగోడవైపు జరిగి నడిచారు. ఆమె తల దించుకుంది గాని లేవలేదు.

పదో రోజున వాళ్లలో రెబ్కా అనే ఆవిడ ఆగింది.

"ఏం వదినా, చేతులట్టా ఎండబెట్టావేంది?"

"ఎముకలకి గావాలంట."

"అంటుకుంటదా అది?"

"అంటుకోదంట."

రెబ్కా ఆ మచ్చలకేసి కాసేపు చూసి, "సరేలే, పొద్దెక్కింది," అంటూ వెళ్లిపోయింది. దగ్గరికి రాలేదు, కూర్చోలేదు. కానీ రెండేళ్లలో ఆ వీధిమనిషి ఎవరైనా ఆమెను మొహంమీదే అడగడం అదే మొదలు. చాంద్‌బీ ఆ నాలుగు మాటలే రోజంతా తలుచుకుంది.

ఏడాది తిరిగేసరికి గోడ పట్టుకోకుండా లేవగలిగింది. ఆసుపత్రికి బస్సులో ఒక్కతే పోయివచ్చేది. కుట్టుపని మాత్రం తిరిగి రాలేదు. బుడే పెదకాకానినుంచి వేరే మనిషిని పెట్టుకున్నాడు. ఆమెను అడగలేదు. రెబ్కా కొన్నాళ్లు పలకరించేది, కొన్నాళ్లు తొందరలో పోయేది. రోజూ పొద్దున అరుగు మీద కూర్చుని, ఎండ చురుక్కుమనగానే చాంద్‌బీ చేతులు కప్పుకుని లోపలికి వెళ్లేది.