పదకొండో మంచం

గుండు కొట్టించుకుంటే జమీందారుకీ కూలివాడికీ తేడా తెలియదని తిరుపతిలో నవ్వుతూ అంటారు. ఆ నవ్వులాట ఆసుపత్రి వార్డులోకి వస్తే ఏమవుతుందో జ్ఞానాంబకు ఇరవై రెండో ఏట తెలిసింది.

పాకాల దగ్గరి పల్లె ఆమెది. నర్సు చదువు ముగించి, డెబ్బై నాలుగులో తిరుపతిలోని ఒక ధర్మాసుపత్రిలో చేరింది. చేరి నెల కూడా కాలేదు, ఈలోపే మనసు మొద్దుబారిపోయింది. మొదటి చావు చూసినరోజు వెక్కివెక్కి ఏడ్చింది. పెద్ద నర్సు తిరుమలమ్మ, "ఒకొక్కరికీ ఇట్ల ఏడిస్తే నీ కండ్లు యాడ సాలతాయి? పోయి మంచాలు సూడు పో" అని కసిరింది. అప్పటినుంచి జ్ఞానాంబ మంచాలే చూసింది. మనుషుల్ని చూస్తే పని సాగదు. మూడో మంచానికి మాత్ర, ఏడో మంచానికి కట్టు, పదకొండో మంచానికి పెన్సిలిన్ సూది. పేర్లతో ఆమెకు పని లేకపోయింది. ఊరినుంచి నాయన వచ్చి "బాగుండావా పాపా?" అంటే "బాగుండా" అంది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. అడిగినదానికి జవాబు, అంతే.

పదకొండో మంచం ఏకాంబరానిది. పలమనేరు వైపు రైతు. మెట్లదారిన కొండెక్కుతుంటే కాల్లో గాజుపెంకు దిగి, చీము పట్టి, జ్వరం వచ్చింది. పెన్సిలిన్ కొందరికి పడదు, ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని ముందురోజే అతనికి చర్మం కింద చుక్కంత ఎక్కించి చూసి, పడుతుందని తేల్చుకున్నారు. తోడుగా తమ్ముడు మునికృష్ణ ఉన్నాడు. ఇద్దరివీ నున్నటి గుండ్లు, గుండ్ల నిండా గంధం, ఒకే అచ్చులో పోసిన ముఖాలు.

ఆ పొద్దున ఏకాంబరం కుంటుకుంటూ దొడ్డికి పోయాడు. రాత్రంతా అన్న పక్కనే మేలుకుని ఉన్న మునికృష్ణ ఖాళీ మంచం చూసి నడుం వాల్చాడు. జ్ఞానాంబ వచ్చింది. మంచం చూసింది, గుండు చూసింది. "సూది" అంది. అతను లేచి కూర్చుని, మారుమాట లేకుండా చొక్కా చెయ్యి మడిచి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"అయిపొయ్యిందా నర్సమ్మా?" అని అడిగాడు. అయిపోయిందని చెప్పి ఆమె పన్నెండో మంచం దగ్గరికి నడిచింది.

వెనక మంచం కిర్రుమంది. తిరిగి చూసేసరికి మునికృష్ణ గొంతు పట్టుకుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. డాక్టరు పరుగున వచ్చాడు, తిరుమలమ్మ వచ్చింది, చేయగలిగిందంతా చేశారు. ప్రాణం నిలబడలేదు. ఏకాంబరం తిరిగొచ్చి, తన మంచం చుట్టూ గుంపు చూసి, ఏమైందో అర్థంకాక తలుపు దగ్గరే ఆగిపోయాడు. రెండో గుండు కళ్ళబడ్డాక గాని జ్ఞానాంబకు తాను చేసిన పని తెలియలేదు.

తిరుమలమ్మ ఆమెను పక్కగదిలోకి లాక్కుపోయింది. "కొండెక్కిన అలుపుకి గుండె ఆగినాదని డాక్టరు రాసేసినాడు. సూది సంగతి మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలీదు. నోరు తెరిచినావంటే నీ బతుకు బజారు పాలే. ఇంగ ఏడుపు ఆపు" అంది.

జ్ఞానాంబ ఏడవడం లేదు. తిరుమలమ్మ అలవాటుకొద్దీ అన్నమాట అది. ఏడుపు వస్తే బాగుండునని జ్ఞానాంబ నిజంగానే కాచుకుని కూర్చుంది. రాలేదు. ఎవరో ఉప్మా పొట్లం ఇస్తే తినేసింది.

కబురందుకుని సత్రం నుంచి అన్నదమ్ముల తల్లి సిద్ధమ్మ వచ్చింది. కొడుకు మీద పడి నెత్తీనోరూ కొట్టుకుంది. ఓపిక అయిపోయాక జ్ఞానాంబ చెయ్యి పట్టుకుంది. "సామి పిలుసుకున్యాడు బిడ్డా. ఆకరి గడియలో నువ్వన్నా పక్కన ఉండావు. నువ్వు సల్లగుండాల" అని, కొంగున కట్టుకున్న లడ్డు తుంచి చేతిలో పెట్టబోయింది.

ఆ దీవెన పుచ్చుకోవడం జ్ఞానాంబ వల్ల కాలేదు. "సామి కాదమ్మా, నేనే. అన్నకెయ్యాల్సిన సూది తమ్ముడికేసినా" అంది. పక్కనే ఉన్న ఏకాంబరమూ విన్నాడు.

కొడతారనుకుంది. కొట్టినా బాగుండేది. సిద్ధమ్మ లడ్డు ముక్కను మళ్ళీ కొంగున ముడేసుకుంది. "జాతరలో అందరికీ కలరా సూది ఏస్తారు గదా. ఇదీ అట్లే అనుకోనుంటాడు పిచ్చినాయన. వానికి సూదంటే శానా బయం" అంది. తర్వాత, "నొప్పని అన్యాడా?" అని అడిగింది.

"లేదమ్మా."

"అన్లేదా" అంటూ ఆమె గోడకు చేరగిలబడింది.

మధ్యాహ్నం శవాన్ని ఊరికి తీసుకుపోవడానికి వ్యాను మాట్లాడారు. ఏకాంబరం కాలు వాచి ఉంది. పూట తప్పకుండా సూది వేసే పంపాలన్నాడు డాక్టరు. తిరుమలమ్మ లేవబోతే, "నేనే ఏస్తా" అంది జ్ఞానాంబ. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. సిరంజిలోకి మందు ఎక్కిస్తుంటే చేతులు వణకలేదు. వణకనందుకు ఆమెకు భయమేసింది.

ఏకాంబరం తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది.

"నీ పేరేందన్నా?"

"ఏకాంబరం" అన్నాడతను. ఆ గొంతులో కోపం లేదు. "పొద్దన గూడా ఇట్ల అడిగుంటే సరిపొయ్యుండు గదమ్మా" అని, చెయ్యి ఆమె ముందుకు చాపాడు.