వంటింట్లో దాక్కున్న ఇద్దరం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, తిరువూరు నుంచి ఎ.కొండూరు వెళ్ళే రోడ్డులో ఒక మామిడితోట ఇంట్లో రెండు రోజుల రచయితల శిబిరం పెడుతున్నారని తెలిసి, ఇంట్లో ఎంతో నచ్చచెప్పి వెళ్ళాను. డైరీ రోజూ రాసేదాన్ని. కథ మొదలుపెడితే మాత్రం రెండో పేరా దాటేది కాదు. ఇక్కడైనా ఒక్క కథ పూర్తి చేయలేకపోతే మళ్ళీ ఆ జోలికి వెళ్ళకూడదనుకున్నాను.

పొద్దున రాసుకోవాలి, సాయంత్రం చదవాలి, అదీ పద్ధతి. చెట్ల కింద చాపలు వేసుకుని అందరూ రాస్తున్నారు. నేను కూర్చున్నాను, లేచాను, బోరింగు దగ్గరికెళ్ళి నీళ్లు తాగాను, చోటు మార్చాను. కాగితం మీద నాలుగు లైన్లు, వాటి మీద కొట్టివేతలు. చివరికి ఎవరూ చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అక్కడ నలభై ఏళ్ల ఆవిడ ఒకరు కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతున్నారు. ఇంటావిడ అనుకుని, "నేనూ తరగనాండీ?" అంటూ చాకు అందుకున్నాను.

"కూర్చోమ్మా. వాళ్ళేంటి, అంత గబగబా రాసేస్తున్నారు?"

"ఏమోనండీ, పరీక్ష హాల్లా ఉంది. ఆ కళ్ళజోడు సారైతే అప్పుడే మూడో పేజీ."

"చూశా. తను రాసిందానికి తనే తలూపుకుంటున్నాడు."

నవ్వు ఆపుకోలేకపోయాను. కాసేపటికి ఆవిడ, "మీ తోట ఈసారి ఎలా పూసింది?" అని అడిగారు.

"మా తోటేంటండీ? ఇది మీ ఇల్లు కాదా?"

ఆవిడ చేతిలో కాయ ఆగిపోయింది. నన్నే ఇంటివాళ్ళ అమ్మాయి అనుకున్నారట. తనూ శిబిరానికి వచ్చినావిడే, పెనుగొలనులో టీచరట. పొద్దుటి నుంచి ఒక్క ముక్కా రాక, వచ్చి ఇక్కడ కూర్చున్నారట. అసలు ఇంటావిడేమో కూరగాయలు ఆవిడకి అప్పగించి పెరట్లో బట్టలు ఆరేసుకుంటోంది.

"సరే, దొంగలిద్దరం దొరికాం. నీ కథేంటో చెప్పు."

చెల్లెలింటికని చెప్పి బయల్దేరి, సగం దారిలో తెలియని ఊళ్ళో బస్సు దిగిపోయే ఇల్లాలి కథ అది. నేను చెబుతుంటే ఆవిడ తలెత్తకుండానే, "దిగి?", "ఎవరైనా చూశారా?", "టీ అయినా తాగిందా?" అని అడుగుతూ పోయారు. మనుషులతో నాలుగు మాటలు కలపలేని నేను చెబుతూనే ఉన్నాను. దొండకాయలు అయిపోయాయి గానీ కథ అవలేదు. కాగితాలు తెచ్చుకుని బియ్యం డబ్బా మీద పెట్టుకుని అక్కడే రాశాను. ఆవిడ కూడా గోడకానుకుని ఏదో గీకడం మొదలుపెట్టారు.

సాయంత్రం అందరి ముందూ చదివాను. చివర్లో ఇల్లాలు తిరుగు బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోతుంది. అందరూ బాగుందన్నారు, ఆవిడ తప్ప.

"ఇంటికెందుకు పంపావు దాన్ని?"

"పంపకపోతే ఎక్కడికి పోతుందక్కా?"

"నాకేం తెలుసు? రాసేది నువ్వు. భయపడింది అది కాదు, నువ్వే."

ఒళ్ళు మండిపోయింది. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగనిదాన్ని, భోజనాలకు పిలిచేదాకా ఆవిడతో వాదిస్తూనే ఉన్నాను. అన్నం కలుపుతున్నా ఆ ఇల్లాలిని రాత్రికి ఎక్కడ ఉంచాలన్న ఆలోచనే. చెయ్యి కడిగీ కడగకుండానే చివరి పేజీ చింపేసి, కొత్త కాగితం తీసుకుని ఆవిడ పక్కనే చాప మీద కూర్చున్నాను.