మంచం వేసినందుకు

మా ఆఫీసరు ఎవరింటికి వెళ్లినా వాళ్లు ఏదైనా తెచ్చి వేసి కూర్చోమనేదాకా కూర్చునేవాడు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అది మర్యాద అనుకుని మెచ్చుకున్నాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డెబ్భైల్లో సంగారెడ్డిలో ఒక బీమా ఆఫీసులో క్లెయిముల గుమాస్తాను నేను. పటాన్‌చెరు చుట్టూ పొలాలకు కంచెలు వేసి షెడ్లు లేపుతున్న రోజులవి. ఒకచోట రేకులు ఎక్కిస్తుండేవాళ్లు, ఒకచోట యంత్రాలు బిగిస్తుండేవాళ్లు, ఇంకోచోట పునాదులే తవ్వుతుండేవాళ్లు. ఎక్కడో ఒకచోట ఎవరిదో చెయ్యి నలిగేది, ఎవరిదో కాలు విరిగేది. యజమాని మా దగ్గర కూలీల పేరున బీమా చేయించి ఉంటే ఆ పరిహారం మేం ఇవ్వాలి. ఇవ్వాలని చట్టంలో ఉంది. ఎంత తక్కువతో వదిలించుకోవచ్చో చూడమని మాకు జీతాలిచ్చేవాళ్లు.

ఆ చట్టం చివర ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే ఇంత, కన్ను పోతే ఇంత, మోకాలి కింద కాలు పోతే ఇంత. పోయింది కళ్లకు కనపడుతుంది కాబట్టి పేచీ పెట్టడం కష్టం. వెన్నెముకకు మాత్రం అందులో చోటు లేదు. నడుము విరిగినవాడికి కాళ్లూ చేతులూ అన్నీ ఉంటాయి. వాడు ఏ మేరకు పనికి రాకుండా పోయాడో వాదించి తేల్చాలి. అందుకే నడుము కేసు వచ్చిందంటే మా ఆఫీసరుకి పండగ.

కంది అవతల పల్లెలో ఒక తాపీ మేస్త్రీ ఉండేవాడు. షెడ్డు గోడ కడుతుండగా పరంజా విరిగి, కింద పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. పుచ్చిపోయిన కర్రలతో పరంజా కట్టించిన కాంట్రాక్టరు ఆసుపత్రి గడప కూడా తొక్కలేదు. మేస్త్రీ ఇంక బరువు ఎత్తకూడదనీ, తాపీ పని చెయ్యలేడనీ పట్నంలో పెద్దాసుపత్రి డాక్టరు రాసిచ్చాడు. ఆ మాట నిలబడితే పూర్తి పరిహారం వస్తుంది. దాంతో రోడ్డు పక్కన చిన్న దుకాణం పెట్టుకుని, కూర్చున్నచోటే పిల్లల్ని సాకుదామని ఆయన ఆశ. కూర్చుని బతికే దారి ఆయనకు అదొక్కటే.

ఒక మధ్యాహ్నం ఆఫీసరూ నేనూ ఆయన ఇంటికి వెళ్లాం. ముందుగా కబురు పెట్టలేదు. కబురు పెట్టకుండా వెళ్లడమే మా ఆఫీసరు పద్ధతి. జీపు రోడ్డు మీదే ఆపించి నడిపించాడు. మేస్త్రీ భార్య కలుపు తీయడానికి పోయింది, ఆయన ఒక్కడే గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి గోడ పట్టుకుని మెల్లగా లేచాడు.

"రాండ్రి సార్, రాండ్రి. సాప ఏస్త, కూసోండ్రి" అన్నాడు.

"చాప వద్దయ్యా. నాకు మోకాళ్లు వంగవు" అన్నాడు ఆఫీసరు.

ఆ పొద్దున ఆఫీసు మెట్లు ఒక్క ఉరుకులో ఎక్కిన మనిషి! నాకేం అర్థం కాలేదు. ఆయనగారు వాకిట్లో ఎండలో నిలబడి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ, "అబ్బ, ఏం ఎండలయ్యా మీ ఊళ్లో" అంటున్నాడు. నేను అరుగు మీద కూర్చోబోతే మోచెయ్యి పట్టి ఆపాడు. మేస్త్రీ మా ఇద్దరి వంకా చూశాడు. ఇంటికొచ్చినవాళ్లు ఎండలో నిలబడి ఉంటే ఆయనకి ప్రాణం ఒప్పలేదు. లోపలికి వెళ్లి నులక మంచం ఎత్తి, గడప దాటించి, నీడలోకి మోసుకొచ్చి వేశాడు. నేను సాయం పట్టబోయాను. "వాళ్లింట్లో మనం చెయ్యి వేస్తే బాగుండదోయ్" అన్నాడు ఆఫీసరు.

మంచం దించాక మేస్త్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు. నేల మీద కూలబడి, పళ్లు బిగించి, మా వంక చూసి నవ్వాడు. ఆఫీసరు హాయిగా మంచం మీద కూర్చుని, చెంబుడు నీళ్లు తాగి, వానల గురించి అడిగాడు. మేం బయల్దేరేటప్పుడు సాగనంపడానికి మేస్త్రీ లేవబోయాడు, లేవలేకపోయాడు. కూర్చున్నచోటి నుంచే దండం పెట్టాడు.

జీపెక్కగానే ఆఫీసరు తొడ చరిచాడు. "చూశావా? మంచం ఎత్తాడు. ఇక్కడివాళ్లకి ఇంటికొచ్చినవాణ్ని నిలబెట్టడం చేతకాదోయ్. మనకి అదే సాక్ష్యం."

"మీకు సిగ్గుగా లేదా సార్?" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు.

ఆయనదీ మాదీ కోస్తానే. మా నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం మమ్మల్ని తీసుకుని ఇక్కడికి వచ్చినప్పుడు, సామాను లారీ దారిలో ఆగిపోయింది. మేం ఎవరమో, ఏ ఊరివాళ్లమో అడగకుండానే పక్కింటివాళ్లు మంచాలు తెచ్చి మా వాకిట్లో వేశారు. వాళ్లలో కొందరు ఆ పూట నేల మీద పడుకున్నారని మా అమ్మ చాలా ఏళ్లు చెప్పుకుంది. ఆ మంచాల మీద పడుకున్నవాణ్ని నేను. ఈ పెద్దమనిషి ఆ మర్యాదనే వలగా పన్ని నడుము విరిగినవాణ్ని పడుతున్నాడు. ఆ మనిషి పక్కన జీపులో కూర్చోవడమే నాకు రోతగా అనిపించింది.

విచారణ సంగారెడ్డిలో, కార్మిక శాఖ అధికారి ముందు. లోపలికి పిలవకముందు వరండాలో మేస్త్రీ వకీలు ఆయన చెవిలో పోరుతున్నాడు. "మంచం నీ పెండ్లాం ఏసిందని చెప్పు. గంతే. ఇంకేం మాట్లాడకు." పక్కనే నిలబడ్డ భార్య గట్టిగా తలూపింది. అవతలి వకీలు మాట నెగ్గాలని నేను కోరుకోవడం అదే మొదటిసారి.

మా ఆఫీసరు సాక్ష్యం చెప్పాడు. గడప దాటించాడన్నాడు, నవ్వుతూ వేశాడన్నాడు. పళ్లు బిగించిన సంగతి చెప్పలేదు.

అధికారి మేస్త్రీని అడిగాడు. "మంచం నువ్వే ఎత్తినవా? నీ పెండ్లాం ఏసిందా?"

మేస్త్రీ ఒకసారి భార్య వైపు చూశాడు.

"ఆమె ఇంట్ల లేకుండె సార్. నేనే ఏసిన. సారుకు మోకాళ్లు వంగయంట. ఇంటికొచ్చినోళ్లు ఎండల నిలవడ్తే నేనెట్ల కూసుంట?"

వకీలు తల పట్టుకున్నాడు. నేను లేచాను. ఆ మోకాళ్లకి ఏ జబ్బూ లేదన్నాను. చాప వేస్తానంటే వద్దన్నారనీ, మంచం దించాక ఈయన మళ్లీ లేవలేకపోయాడనీ, నేను కళ్లారా చూశాననీ చెప్పాను. మా ఆఫీసరు నన్ను మింగేసేలా చూశాడు. "మీరు బీమావాళ్ల మనిషే గద? మిమ్మల్ని ఎవరడిగిండ్రు? కూసోండ్రి" అన్నాడు అధికారి. అయినా ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో, ఎందుకు రాసుకున్నాడో, తీర్పులో నా మాట ఒక్కటీ లేదు. మంచం మోయగలిగినవాడు తేలికపాటి కూలి చేసుకోగలడట. పూర్తి పరిహారం పోయింది. వచ్చేది మందులకీ వకీలుకీ సరి. ఆ అధికారి జన్మలో ఒక్క ఇటుకైనా ఎత్తాడో లేదో నాకు తెలియదు.

ఆఫీసరు నన్ను వేరే సెక్షన్‌కి తోసేశాడు. పీడా పోయిందనుకున్నాను. కానీ మేస్త్రీ గుర్తొస్తే అన్నం సయించేది కాదు. హైకోర్టుకి అప్పీలు చేసుకోమనీ, నేను చూసింది మళ్లీ ఎక్కడైనా చెబుతాననీ చెప్పడానికి నా అంతట నేనే కంది బస్సెక్కాను.

ఈసారి భార్య ఇంట్లోనే ఉంది. నన్ను చూడగానే గడపకి అడ్డంగా నిలబడింది.

"ఆడ్నే నిలవడు సారూ. ఏం జెప్తవో ఆడ్నించే జెప్పు."

నిలబడ్డాను. మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు. అడగకపోవడమే న్యాయం అనిపించింది. అప్పీలు మాట మొదలుపెట్టాను. ఆమె భుజం మీదుగా లోపల మేస్త్రీ కనపడుతున్నాడు. నా గొంతు విని, ఒక చెయ్యి గోడకి వేసి, రెండో చెయ్యి మోకాలి మీద ఆనించి లేవబోతున్నాడు. ఆమె గబగబా లోపలికి వెళ్లి ఆయన భుజం పట్టి కిందికి నొక్కింది.

"కూసో నువ్వు! లేసినందుకే దుకానం వాయె. మళ్ల లేస్తే ఇంకేం గుంజుకపోతరో!"

ఆయన కూర్చున్నాడు. ఆమె చెయ్యి భుజం మీదే ఉంది. తల పైకెత్తి నా వంక చూశాడు.

"ఏమనుకోకుండ్రి సార్, మిమ్మల్ని ఎండల నిలవెట్టినం" అన్నాడు.