క్యాంపులో నేల మీది నుంచి లేవడం

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు చలికాలంలో నన్ను పులుల గణన క్యాంపుకు వేశారు. అప్పుడు నేను పాత మహబూబ్‌నగర్ జిల్లా నల్లమలలో అటవీ శాఖ సెక్షన్ అధికారిని. అంటే మూడు బీట్లకు పెద్దను, రేంజి అధికారికి చిన్నను. వయసు యాభై ఏడు. అప్పట్లో పదవీ విరమణ యాభై ఎనిమిదికి.

గణన అంటే పులులను లెక్కపెట్టడమని బయటివాళ్లు అనుకుంటారు. నా సర్వీసు మొత్తంలో పులిని చూసింది రెండుసార్లు, రెండుసార్లూ వెనక నుంచే. మేం లెక్కపెట్టేది జాడలను. ముగ్గురి జట్టు తెల్లవారగానే బయలుదేరి, నిర్ణయించిన బాటలో ఐదు కిలోమీటర్లు నడుస్తుంది. అడుగుజాడ, పెంట, చెట్టు మీద గోళ్ల గీతలు, ఏది కనిపించినా సెల్‌ఫోన్‌లోని ఫారంలో ఎక్కించాలి. అలా మూడు రోజులు. ఆ తర్వాత మూడు రోజులు రెండేసి కిలోమీటర్లు తిన్నగా నడుస్తూ దుప్పులు, కణుజులు వగైరాల లెక్క. ఆ ఆరు రోజులూ కాపురం గుడారంలోనే.

ఉద్యోగంలో నాకు నచ్చిన భాగం క్యాంపే. దాచడమెందుకు, మిగతాదంతా కాగితాల పని. మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం, పచ్చిపులుసు, చెవులు కోసే చలి, ఫోనుకు సిగ్నల్ లేకపోవడం. వీటి కోసం ఒకసారి జిల్లా కేంద్రానికి బదిలీ వద్దన్నాను కూడా. నా భార్య ఆ సంగతి ఇంకా మరచిపోలేదు.

ఆ ఏడు వచ్చిన రేంజి అధికారి నా కంటే పాతికేళ్లు చిన్న. నన్ను ‘సార్’ అనేవారు, పని మాత్రం అధికారిలాగే చేయించేవారు. ఈ క్యాంపు సరిగా చేస్తే వేసవిలో నీటి గుంటల దగ్గర జరిగే లెక్కకు కూడా పంపుతానని, లేకపోతే మిగిలిన సర్వీసు చెక్‌పోస్టులోనేనని ముందే చెప్పారు. చెక్‌పోస్టు అంటే ఒక కుర్చీ, ఒక గేటు, వచ్చే పోయే లారీలు. నాకు అది ససేమిరా ఇష్టం లేదు. అందుకని ఎనిమిది నెలల పాటు కాలేజీ మైదానంలో రోజూ ఆరు కిలోమీటర్లు నడిచి సిద్ధమయ్యాను.

మొదటి రోజు నడకలో ఏ ఢోకా లేదు. మా జట్టులోని బీట్ అధికారి సుజాతకు ఇరవై నాలుగేళ్లు. గుట్ట ఎక్కేటప్పుడు ఆమె ఆగి నీళ్లు తాగింది, నేను తాగలేదు. ఈ విషయం సాయంత్రం లోపు ఆమెకు రెండుసార్లు గుర్తుచేశాను.

అంతకుముందు నాలుగైదేళ్లు క్యాంపులకు మడత మంచాలు ఉండేవి. మోసే బరువు తగ్గాలని కొత్త అధికారి ఈసారి వాటిని వద్దన్నారు. రెండో రోజు తెల్లవారుజామున మెలకువైతే వచ్చింది గానీ, నేల మీద పరిచిన పట్టా మీది నుంచి పైకి లేవడం నా వల్ల కాలేదు. మోకాళ్లు మొరాయించాయి. బోర్లా తిరిగి, పాకి, గుడారం నడిమి కర్ర పట్టుకుని లేవబోయాను. కర్ర నా మీదికి వచ్చింది, దాని వెంట గుడారం వచ్చింది.

మా జట్టులో మూడో మనిషి బయన్న, చెంచు వాచర్. రికార్డులో నా కంటే చిన్న, మనిషిని చూస్తే పెద్ద. గొడ్డలితో పరుగెత్తుకొచ్చి గుడ్డ ఎత్తి చూశాడు.

“ఎలుగొడ్డు సొచ్చిందనుకున్న సారూ,” అన్నాడు. “జరైతే గొడ్డలేస్తుంటి.”

మైదానంలో చేసిన సాధన గురించి అతనికి వివరంగా చెప్పాను. ఓపిగ్గా విని, “నడుసుడు సరే సారూ. లేసుడు నేర్వలేదా?” అని అడిగాడు. తర్వాత గొంతుక్కూర్చుని, పొయ్యిలోకి రెండు పుల్లలు తోసి, నేలకు చెయ్యి ఆనించకుండా లేచి వెళ్లిపోయాడు.

మూడో రోజు రేంజి అధికారి తనిఖీకి వచ్చారు. క్యాంపులో ఒక ఆనవాయితీ ఉంది: అధికారి నుంచి వాచర్ దాకా అందరూ ఒకే వరసలో నేల మీద కూర్చుని, మోదుగ విస్తళ్లలో తినాలి. ముందు రోజు నుంచి నేను అరుగుదల పేరు చెప్పి నిలబడి తింటున్నాను. ఆయన ముందు ఆ ఆట సాగలేదు. కూర్చున్నాను, తిన్నాను. అందరూ లేచి చేతులు కడుక్కున్నారు. నేను ఇంకాస్త అన్నం అడిగాను. అదీ అయిపోయింది. మజ్జిగ అడిగాను. క్యాంపులో మజ్జిగ లేదని సుజాతకు తెలుసు, నాకూ తెలుసు.

చివరికి అధికారి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. ఉన్న సంగతి చెప్పేశాను. ఆయన నవ్వలేదు. ఇది ఎలుగుబంట్లు తిరిగే చోటని, గబుక్కున లేవలేని మనిషి ఉంటే పక్కనున్న ఇద్దరికీ ప్రమాదమని అన్నారు. ఈ ఆరు రోజులు బయన్న సాయంతో పూర్తి చేయమన్నారు. వేసవి లెక్కకు రావాలంటే ఏప్రిల్‌లో తన ఆఫీసులో నేల మీద కూర్చుని మూడుసార్లు లేవాలి, చెయ్యి ఆనకూడదు. చూసి చెప్పవలసింది బయన్న.

ఇక ఇంట్లో నేల మీదే తిన్నాను, నేల మీదే పేపరు చదివాను. ఆఫీసులో చాప పరిచి ఫైళ్లు చూశాను. చెట్లు కొట్టుకునే పర్మిట్ల కోసం వచ్చే రైతులు చెప్పులు బయట విడిచి రావడం మొదలుపెట్టారు. ఒకాయన గొంతు తగ్గించి, “ఏమన్న మొక్కున్నదా సారూ? ఇంకెన్ని రోజులున్నది?” అని అడిగాడు. ఏప్రిల్ దాకా అన్నాను.

ఏప్రిల్‌లో మొదటిసారి బాగానే లేచాను. రెండోసారి కాస్త మెల్లగా లేచాను. మూడోసారి లేస్తుండగా నా కుడిచేతి చిటికెన వేలు నేలను తాకింది. ఎవరూ చూడలేదనుకున్నాను. అధికారి బయన్న వైపు చూశారు. నేనూ చూశాను, పాత పరిచయాన్నంతా కళ్లలో పెట్టుకుని.

“సిటికెనేలు ఆనింది సార్,” అన్నాడు బయన్న.

వేసవి లెక్కకు నా బదులు మరొకరు వెళ్లారు. నేను చెక్‌పోస్టులోనే రిటైరయ్యాను. ఆ చివరి వేసవి అడవిలో గడపలేకపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. బయన్న మీద కోపం మాత్రం రెండు వారాలకు మించి నిలవలేదు. నేను వెళ్లి ఉంటే నీటి గుంట దగ్గర నా పక్కన కూర్చోవలసిన మనిషి అతనే.

ఇప్పుడు మేం కొందరం రిటైరైనవాళ్లం ఏటా చలికాలం హాలియా దగ్గర ఒక మిత్రుడి బత్తాయి తోటలో నాలుగు రోజులు గుడారాలు వేస్తాం. కొత్తగా చేరేవాళ్లు రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తారో చెబుతారు. మేం వింటాం. రెండో రోజు పొద్దున ఇద్దరం వెళ్లి వాళ్లను లేవదీస్తాం.

ఒంటికి ఏ పని చేయిస్తే అదే వస్తుంది. నేను ఎనిమిది నెలలు నడక చేయించాను, నడక వచ్చింది. ఈ వయసులో క్యాంపుకు వెళ్లాలనుకునేవారు ముందు ఇంట్లో ఒక రాత్రి కటిక నేల మీద పడుకుని, పొద్దున ఎవరినీ పిలవకుండా లేచి చూసుకోవాలి. లేవగలిగితే సంచి సర్దుకోవచ్చు.