కిరాయికి ఇద్దామనుకున్న ఇల్లు

రైల్వేలో రిటైరయ్యాక చేతికొచ్చిన సొమ్ముతో ఒక ఇల్లు కొని కిరాయికి ఇవ్వాలనుకున్నాను. మేమిద్దరం మాత్రం కార్వాన్‌లోని మా పాత కిరాయి పోర్షన్‌లోనే ఉంటాం, నెలనెలా వచ్చేదానితో నిశ్చింతగా బతుకుతాం. ఇదీ నా ఆలోచన. నా భార్య దీనికి అవునని గానీ కాదని గానీ అనలేదు. నేను అడగనూ లేదు.

చివరికి రెండు ఇళ్లు తేలాయి. ఫలక్‌నుమాలో ఒక కుటుంబానికి సరిపోయే విడి ఇల్లు, యాకుత్‌పురాలో కిందొకటి పైనొకటి రెండు పోర్షన్ల ఇల్లు. విడి ఇంటితో గొడవ తక్కువ, కానీ ఖాళీ అయిన నెల పైసా రాదు. రెండు పోర్షన్లుంటే ఒకరు పోయినా ఇంకొకరుంటారు; నీళ్ల దగ్గరా మెట్ల దగ్గరా పంచాయితీలు మాత్రం నా నెత్తిన పడతాయి. వారం రోజులు ఇదే తలలో తిరిగింది. ఆమె అన్నానికి పిలిచినా విసుక్కున్నాను.

యాకుత్‌పురా ఇల్లు చూడటానికి మధ్యాహ్నం వెళ్లాం. కొత్తగా సున్నం వేసిన కింది గదిలో, కిటికీలోంచి పడిన ఎండ నేల మీద మెల్లగా జరుగుతోంది. ఎక్కడో రైలు పోతే తలుపులు సన్నగా వణికి ఊరుకున్నాయి. నేనెందుకొచ్చానో కాసేపు మరిచిపోయాను. ఆమె గోడ మీద అరచెయ్యి ఆనించి, కలలో నడుస్తున్నట్టు గది చుట్టూ తిరిగింది. ఒకచోట ఆగి, ఇల్లు అమ్మే పెద్దాయనను నెమ్మదిగా అడిగింది.

"బాపూ, ఈడ దేవుని పటానికి ఒక మేకు కొట్టుకోవచ్చా? ఒక్కటే."

ఆయన నవ్వాడు. "ఏందమ్మా గట్లడుగుతవ్? కొన్నంక ఇల్లు నీదే గద!"

ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. పెళ్లయినప్పటి నుంచి మేం మారిన ప్రతి ఇంట్లోనూ ఓనరు మొదటి మాట గోడకు మేకు కొట్టొద్దనే. మా దేవుళ్లందరూ ట్రంకుపెట్టె మీద గోడకు ఆనుకునే ఉన్నారు. ఇకముందు కూడా అలాగే ఉండేట్టు ఏర్పాటు చేస్తున్నది నేనే.

"పైన కిరాయికిద్దాం," అన్నాను. "కింద మనమే ఉందాం."

ఆమె నమ్మనట్టు చూసింది. "కిరాయి సగమే వస్తది గద?"

"రానీ."

ఆమె ఆ పెద్దాయన ఎదుటే నేల మీద కూర్చుని, కాళ్లు బారజాపుకుంది.